ముందు కుర్చీ, తర్వాత మెషిన్, చివర్న మేడ

(శ్రీకాకుళంలో హౌస్‌సర్జన్లు, పీజీ విద్యార్థులు, ప్రాక్టీసు పెట్టి ఐదేళ్ళు దాటని డాక్టర్ల ముందు ఒక ఆడిటర్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారమండి.

డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతం పెట్టను. డాక్టరుగా ఆస్తి ఎలా కూడబెట్టాలో చెప్పమన్నారు. సంపాదించడం మీకు ఒకరు నేర్పక్కర్లేదు. నేను చూసే లెక్కల పుస్తకాల్లో అసలు తేడా వచ్చేది అప్పుల వరసలో. అప్పు లేకుండా ఈ వృత్తిలో పెద్ద పని జరగదు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఏ అప్పు ముందు, ఏది తర్వాత అన్నది తప్పిందంటే, నెలకు ఐదు లక్షలు గడించే డాక్టరు కూడా జీతం రోజున బ్యాంకు మేనేజరు ఫోను చూసి ఉలిక్కిపడతాడు. ప్రతి అప్పుకీ దాన్ని మోసే ఆదాయం ముందే నడుస్తూ ఉండాలి. సొంత ఆసుపత్రి మేడ కడితే ఆదాయం అదే వస్తుందని మొదలుపెట్టిన చోటల్లా కథ అడ్డం తిరిగింది.

ముందు వయసు లెక్క చూద్దాం. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, హౌస్‌సర్జన్సీ ఒక ఏడాది, పీజీ మూడేళ్ళు, సూపర్ స్పెషాలిటీ కోసం డీఎం గానీ ఎంసీహెచ్ గానీ చేస్తే ఇంకో మూడు. మధ్యలో నీట్ పీజీకి ఒకటి రెండేళ్ళు పోతాయి. గట్టిగా సంపాదన మొదలయ్యేసరికి ముప్ఫై దాటుతుంది. ఇంజినీరింగ్ చదివిన మీ ఈడు కుర్రాడు ఇరవై రెండుకే నెలకు 10 వేలు పక్కన పెట్టడం మొదలుపెట్టాడనుకోండి. ఏడాదికి సగటున 10 శాతం పెరిగితే ముప్ఫై ఏళ్ళ తర్వాత అది 2 కోట్ల 26 లక్షలు అవుతుంది. మీరు ఎనిమిదేళ్ళు ఆలస్యంగా అదే 10 వేలు మొదలుపెడితే ఇరవై రెండేళ్ళ తర్వాత వచ్చేది 95 లక్షలు. అతన్ని అందుకోవాలంటే మీరు నెలకు సుమారు 23,700 వెయ్యాలి. ఇది మోయలేని బరువేమీ కాదు, డాక్టరు సంపాదన అంత ఉంటుంది. కాకపోతే ఆ ఆలస్యం మీద మరో పదేళ్ళు ఈఎంఐలు పడితే, పొదుపు మొదలయ్యేది నలభై తర్వాతే.

ఇంకో మార్పు గమనించండి. ఒకప్పుడు మన ప్రాంతపు పిల్లలకి మెడికల్ కాలేజీ అంటే 1923లో పుట్టిన విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీయే. ఇప్పుడు శ్రీకాకుళంలో 2008లో వచ్చిన రిమ్స్ ఉంది, రాగోలులో జెమ్స్ ఉంది, నెల్లిమర్లలో మిమ్స్ ఉంది, విజయనగరంలో 2023లో 150 సీట్లతో ప్రభుత్వ కాలేజీ మొదలైంది. డాక్టర్లు పెరిగారు, జనానికి మంచిదే. ఉత్త ఎంబీబీఎస్‌తో బేరం చెయ్యగల శక్తి మాత్రం తగ్గింది. అందుకే అందరూ పీజీ వైపు పరుగు, అందుకే మొదటి పెద్ద అప్పు సీటు దగ్గరే పుడుతోంది.

మేనేజ్‌మెంట్ కోటాలో పీజీకి మొత్తం కోటి రూపాయలు అప్పు చెయ్యాల్సి వచ్చిందనుకోండి. మూడేళ్ళలో మూడు వాయిదాలుగా, ప్రతి ఏడాది మొదట్లో తీసుకుంటారు. 10 శాతం వడ్డీ. చదువు అయ్యేలోపు సాధారణ వడ్డీయే 20 లక్షలు. అంటే చేతికి డిగ్రీ వచ్చేనాటికి బాకీ కోటీ ఇరవై లక్షలు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు లక్షా 58 వేల చిల్లర. ఇది పన్ను కట్టిన తర్వాత జేబులోంచి పోయే డబ్బు. కాబట్టి వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఆ పీజీ లేకుండా వచ్చే ఆదాయం కన్నా, పీజీ ఉంటే పన్ను పోనూ నెలకు లక్షా 60 వేలు పైన అదనంగా వస్తుందా? కొన్ని బ్రాంచీల్లో మొదటి రెండేళ్ళలోనే వస్తుంది. కొన్నిట్లో ఐదేళ్ళు పడుతుంది. రానివీ ఉన్నాయి, పేర్లు చెబితే ఇక్కడ కూర్చున్నవాళ్ళకి కోపం వస్తుంది. మంచి బ్రాంచి కోసం ఇంకో ఏడాది చదివి కన్వీనర్ కోటాలో తెచ్చుకోగలిగితే ఆ ఏడాది విలువ లక్షల్లో ఉంటుంది.

ఆ అప్పు ఎక్కడ తీసుకున్నారన్నదీ ముఖ్యమే. మన జిల్లాల్లో వడ్డీ నూటికి ఇంత అని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. బ్యాంకు 11 శాతం అంటే నూటికి నెలకు తొంభై రెండు పైసలు. తెలిసినవాళ్ళు కాగితం లేకుండా ఇచ్చారని రెండు రూపాయల వడ్డీకి తెస్తే, కోటి మీద నెలకు వడ్డీయే రెండు లక్షలు, అసలు అలాగే ఉంటుంది. పైగా విద్యా రుణం వడ్డీకి పన్నులో మినహాయింపు బ్యాంకుల్లాంటి గుర్తింపు ఉన్న సంస్థ దగ్గర తీసుకున్న అప్పుకే. అదీ పాత పన్ను విధానం ఎంచుకుంటేనే, ఎనిమిదేళ్ళ వరకే.

ఇప్పుడు కుర్చీ సంగతి. పీజీ అయ్యాక మొదటి మూడు నాలుగేళ్ళు ఎవరి ఆసుపత్రిలోనో కన్సల్టెంటుగా కూర్చోండి అంటాను. అద్దె లేదు, జీతాలివ్వక్కర్లేదు, మెషిన్ మీది కాదు. ఆ నాలుగేళ్ళలో మీకు తెలియాల్సింది ఒక్కటే: ఈ ఊళ్ళో నా పేరు మీద రోజుకు ఎంతమంది వస్తున్నారు? ఆసుపత్రి పేరు మీద కాదు, నా పేరు మీద. ఈ రెండిటికీ తేడా తెలియకుండా సొంతంగా పెట్టినవాళ్ళు తర్వాత చాలా ఇబ్బంది పడ్డారు.

కన్సల్టెంటుకి ఇచ్చేది ఎక్కువ చోట్ల జీతం కాదు, ఫీజు. ఆదాయపు పన్ను చట్టం 194జె సెక్షన్ కింద 10 శాతం టీడీఎస్, అంటే ముందస్తుగా పన్ను, కోసి ఇస్తారు. మీకు వచ్చే మొత్తం ఏడాదికి 50 లక్షల లోపయితే, నగదు వసూలు మొత్తంలో 5 శాతం దాటకపోతే 75 లక్షల వరకు, 44ఏడీఏ సెక్షన్ వాడుకోవచ్చు. అంటే వచ్చినదాంట్లో కనీసం సగం ఆదాయంగా చూపిస్తే, ఖర్చుల పుస్తకాలు అడగరు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఈ సెక్షన్ల నంబర్లు వేరు. మీ చెవికి అలవాటైన పాత నంబర్లే చెబుతున్నాను.

లెక్క చూడండి. ఏడాదికి 40 లక్షల ఫీజు, ఆదాయం 20 లక్షలు. 2025-26 కొత్త విధానం రేట్ల ప్రకారం పన్ను 2 లక్షలు, సెస్ కలిపితే 2 లక్షల 8 వేలు. ఆసుపత్రి కోసిన టీడీఎస్ 4 లక్షలు. లక్షా 92 వేలు వెనక్కి రావాలి. కానీ చాలామంది 26ఏఎస్, అంటే మీ పాన్ మీద జమైన పన్ను చూపించే ఫారం, చూసుకోరు. ఆసుపత్రివాళ్ళు మీ పాన్ నంబరు తప్పు వేసినా, కోసిన టీడీఎస్ కట్టకపోయినా ఆ సొమ్ము కనిపించదు. మూడు నెలలకోసారి చూసుకోండి. టీడీఎస్ సరిపోనివాళ్ళు మార్చి 15 లోపు ముందస్తు పన్ను కట్టాలి, 44ఏడీఏ వాళ్ళకి ఒకే వాయిదా.

ఇందులో మరో మెలిక ఉంది. సగం చూపించి ఊరుకుంటే, రేపు ఇల్లుకో మెషిన్‌కో బ్యాంకుకి వెళ్ళినప్పుడు మేనేజరు మూడేళ్ళ రిటర్నులు అడుగుతాడు. 20 లక్షలు చూసే అప్పిస్తాడు, మీరు నోటితో చెప్పే 40 చూసి కాదు. ఓపీ ఫీజు నగదులో తీసుకుని లెక్కలో చూపించనివాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. ఆ డబ్బుతో బంగారం వస్తుంది, స్థలంలో కొంత భాగం వస్తుంది, అంతే. ఎక్కడిదని అడిగినప్పుడు చెప్పలేకపోతే 2025-26 రేట్ల ప్రకారం పన్ను, సర్‌చార్జీ, సెస్ కలిపి 78 శాతం. నూటికి ఇరవై రెండు రూపాయలు మిగిలే పెట్టుబడిని ఆస్తి అని నేను రాయలేను.

వారానికి ఒకరోజు పలాస, ఒకరోజు టెక్కలి, ఒకరోజు రాజాం విజిట్లు పెట్టుకోవడం మన దగ్గర అలవాటు. మంచి పద్ధతే, పేరు తెలుస్తుంది. కానీ ఖర్చు రాసుకోండి. శ్రీకాకుళం నుంచి పలాస పోను రాను నూట యాభై కిలోమీటర్ల పైమాట. కిలోమీటరుకి 12 రూపాయలు వేసుకున్నా 1,800, డ్రైవరు, భోజనం కలిపి 2,800. ఓపీ 250 చొప్పున పదకొండు మంది దాటాకే మీకు మొదటి రూపాయి. నాట్ల రోజుల్లో, కోతల్లో ఆ పదకొండు మందీ రాని వారాలుంటాయి. వానాకాలం జ్వరాల్లో నలభై మంది వస్తారు. కాబట్టి ఏడాది సగటు చూడకుండా ఆగస్టు నెల చూసి ఆ ఊళ్ళో షాపు అద్దెకి తీసుకోకండి.

కుర్చీలో ఉన్న ఈ కాలంలోనే చెయ్యాల్సిన పని ఇంకోటి ఉంది, బీమా. డాక్టరు ఆదాయమంతా తన ఒంటి మీద నడుస్తుంది. సర్జన్ కుడిచెయ్యి విరిగితే మూడు నెలలు థియేటర్ లేదు, ఈఎంఐ మాత్రం ఐదో తారీఖునే. కన్సల్టెంటుకి పీఎఫ్ లేదు, పెయిడ్ లీవు లేదు. అందుకని ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆరు నెలల వాయిదాలు ఫిక్సెడ్ డిపాజిట్‌లోనో లిక్విడ్ ఫండ్‌లోనో ఉండాలి. టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే డబ్బు వచ్చే బీమా, మొత్తం అప్పులకీ, దాని పైన పది పన్నెండేళ్ళ ఇంటి ఖర్చుకీ సరిపోవాలి. పెళ్ళైనవాళ్ళు ఆ పాలసీని వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకోండి. 1874 నాటి చట్టం అది. దాని కింద రాస్తే ఆ డబ్బు భార్యాపిల్లలదే, అప్పులవాళ్ళు ముట్టుకోలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం ఇవ్వాలి, తర్వాత కుదరదు. వాయిదాలు వాయిదాలుగా బోనస్ ఇచ్చే పాలసీలు బంధువులు మొహమాటపెట్టి అంటగడతారు, అవి బీమాగానూ తక్కువే, పొదుపుగానూ తక్కువే.

ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ, అంటే వైద్యంలో పొరపాటు జరిగిందని రోగి దావా వేస్తే ఆదుకునే బీమా, దాని గురించి ఒక్క మాట ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది అర్థం చేసుకున్నవాళ్ళు తక్కువ. 1995లో సుప్రీంకోర్టు డాక్టర్ల సేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చింది. అప్పటినుంచి పాలసీలు పెరిగాయి. ఈ పాలసీ కేసు జరిగిన రోజుని బట్టి కాదు, దావా మీ మీదికి వచ్చిన రోజుని బట్టి పనిచేస్తుంది. 2023లో చేసిన ఆపరేషన్ మీద 2025లో నోటీసు వస్తే, 2025లో పాలసీ బతికి ఉండాలి, దాని వెనుకటి తేదీ, అంటే ఏ రోజు నుంచి చేసిన వైద్యానికి బీమా వర్తిస్తుందో ఆ తేదీ, 2023 కన్నా ముందు ఉండాలి. మధ్యలో ఒక ఏడాది కట్టడం మానేస్తే ఆ వెనుకటి తేదీ పోతుంది. కంపెనీ మార్చినా ఆ తేదీ కొనసాగించమని రాయించుకోండి. సొంత ఆసుపత్రి పెట్టినరోజు ఆసుపత్రికి వేరే పాలసీ కావాలి. మీ పాలసీ మీకే, డ్యూటీ డాక్టరు చేసిన పొరపాటుకి అది రాదు. ఇక కేసు షీటు. నియమావళి ప్రకారం మూడేళ్ళు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కాగితం లేని కేసుని ఏ లాయరూ గెలిపించలేడు.

సరే, మెషిన్ దగ్గరికి వద్దాం. నాలుగేళ్ళు కూర్చున్నారు, మీ పేరు మీద జనం వస్తున్నారు. ఇప్పుడు అద్దె గదిలో క్లినిక్, దాంట్లో ఒక అల్ట్రాసౌండ్. ఒంటి మీద ఆనించే ప్రోబులూ యూపీఎస్ కలిపి 18 లక్షలు అనుకుందాం. 3 లక్షలు చేతి సొమ్ము, 15 లక్షలు 11 శాతానికి ఐదేళ్ళు. వాయిదా 32,600. ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు 90 వేలు, నెలకు 7,500. సహాయకురాలి జీతం 12 వేలు, కరెంటు, బ్యాటరీలు 4 వేలు. మొత్తం 56,100. స్కాన్‌కి 800 తీసుకుంటే, జెల్లు, పేపరు 30 పోనూ 770. నెలకు డెబ్బై మూడు స్కాన్లు దాటాలి, అంటే పనిరోజుకి మూడు. ఇందులో మీ టైముకి ఒక్క రూపాయీ వెయ్యలేదు. ఇప్పుడు మీరు రోజుకు ఎన్ని స్కాన్లు బయటికి రాస్తున్నారో ఒక నోట్‌బుక్‌లో మూడు నెలలు రాసుకోండి. ఐదు దాటితే కొనండి. మూడు దగ్గరే ఉంటే పక్క సెంటరుకి పంపడమే మేలు.

తప్పులు ఎక్కువ జరిగేది కొనేటప్పుడే. ప్రోబు గ్యారంటీలో ఉందా లేదా అడగరు, పాడైతే లక్షల్లో ఖర్చు ప్రోబుదే. సర్వీసు ఇంజినీరు విశాఖలో ఉంటాడా, హైదరాబాద్ నుంచి రావాలా అడగరు. మూడు రోజులు ఆగిపోయిన మెషిన్ ఈఎంఐ మాత్రం ఆగదు. జీఎస్టీ వెనక్కి వస్తుందని అమ్మేవాడు చెబితే నమ్మకండి. వైద్యసేవ మీద జీఎస్టీ లేదు కాబట్టి మెషిన్ మీద కట్టిన జీఎస్టీ మీకు వెనక్కి రాదు, అది ఖరీదులో భాగమే. పన్నులో తరుగుదల మామూలు మెషిన్లకి ఏడాదికి 15 శాతం, ప్రాణరక్షక పరికరాల జాబితాలో ఉన్నవాటికి 40. అక్టోబరు 3 లోపు వాడకంలోకి వస్తే పూర్తిగా, దాటితే ఆ ఏడాదికి సగమే. మార్చి నెలాఖరున పన్ను కోసం పరిగెత్తి కొనేవాళ్ళు సగం కోసమే కొంటున్నారు. 44ఏడీఏ వేసుకున్న ఏడాది తరుగుదల విడిగా రానే రాదు.

అల్ట్రాసౌండ్‌కి ఇంకో గడప ఉంది, గర్భస్థ శిశువు లింగనిర్ధారణని నిషేధించే చట్టం, పీసీపీఎన్‌డీటీ. రిజిస్ట్రేషన్ లేకుండా మెషిన్ డెలివరీయే తీసుకోకూడదు. ఐదేళ్ళకోసారి రెన్యువల్, ప్రతి గర్భిణికీ స్కాన్ వివరాలు రాసే ఫారం ఎఫ్, నెల నివేదిక తర్వాతి నెల ఐదో తారీఖు లోపు. ఫారంలో ఖాళీలు వదిలితే అది గుమాస్తా పొరపాటు కాదు, నేరమేనని 2019లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. సీలు పడిన మెషిన్‌కి కూడా వాయిదా కట్టాల్సిందే. ఎక్స్‌రే అయితే అణుశక్తి నియంత్రణ మండలి రిజిస్ట్రేషన్ కావాలి. ల్యాబ్ గురించి పొడుగ్గా చెప్పను. నెలకు పది థైరాయిడ్ పరీక్షలు వచ్చే చోట సొంత మెషిన్ పెడితే కిట్లు గడువు దాటి పారబోస్తారు, శాంపిల్ బయటికి పంపండి.

(సభలోంచి ఒక డాక్టరు: "పల్లెల్లో ఆర్‌ఎంపీలకి ఏదో ఒకటి ఇవ్వకపోతే కేసు రాదు కదండి. లెక్కలో అదీ వేసుకోవాలి కదా?")

వేసుకుందాం బాబూ, అందరి మనసులో ఉన్నదే అడిగారు. బిల్లు 10 వేలు. మందులు, జీతాలు, కరెంటు, అద్దె, వాయిదాలు పోనూ బాగా నడిచే చిన్న ఆసుపత్రిలో మిగిలేది రెండు వేలు అనుకుందాం. పంపినవాడికి ఇరవై శాతం ఇస్తే ఆ రెండు వేలూ అతనివే. ముప్ఫై ఇస్తే మీ చేతి సొమ్ము వెయ్యి పోయింది. అప్పుడు ఏమవుతుంది? అక్కర్లేని పరీక్ష ఒకటి రాస్తారు, బిల్లు 14 వేలవుతుంది. అది రోగికి రెండు సార్లలో తెలిసిపోతుంది, ఊళ్ళో మాట పాకుతుంది. 2002 నాటి వృత్తి నియమావళిలో ఈ కమీషన్ నిషిద్ధం, కాబట్టి పన్నులో ఖర్చుగా కూడా ఒప్పుకోరు. అంటే ఇచ్చిన డబ్బు మీద పన్ను కూడా మీరే కట్టాలి. మందుల కంపెనీల బహుమతులూ అంతే. ఏడాదిలో 20 వేలు దాటితే 194ఆర్ కింద మీ పాన్ మీద కనిపిస్తాయి. అదే డబ్బుతో పల్లెలో నెలకో బీపీ, షుగర్ శిబిరం పెట్టండి. వచ్చిన రోగిని చూశాక పంపిన ఆర్‌ఎంపీకి రెండు లైన్ల ఉత్తరం రాయండి. నిదానంగా పనిచేస్తుంది గానీ పనిచేస్తుంది.

ఇప్పుడు మేడ. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. నర్సింగ్‌హోం ఆ రెండూ కలిపిన పని. కోటిన్నర అప్పు, 10 శాతం, పన్నెండేళ్ళు. నెలకు లక్షా 79 వేలు. కట్టేందుకు ఏడాదిన్నర పడితే, డబ్బు విడతల్లో తీసుకున్నా వడ్డీయే 11 లక్షల పైన, అప్పటికి ఒక్క మంచమూ నిండలేదు. అదే పది మంచాలకి సరిపడే చోటు 60 వేల అద్దెకి దొరికితే, అద్దె పెరుగుతుంది నిజమే, మేడకి విలువ పెరుగుతుందన్నదీ నిజమే. కానీ తక్కువ ఓపీ ఉన్న నెలలో 60 వేలు కట్టడానికీ లక్షా 79 వేలు కట్టడానికీ చాలా దూరం ఉంది. పైగా ఆసుపత్రిగా కట్టిన మేడని అమ్మాలంటే కొనేవాడు మరో డాక్టరే అయి ఉండాలి.

మేడ ఖర్చు వాయిదాతో ఆగదు. ఒక నర్సు కుర్చీ ఇరవై నాలుగు గంటలు నిండాలంటే వారానికి ఇరవై ఒక్క షిఫ్టులు. మనిషికి ఆరు చొప్పున మూడున్నర మంది, సెలవులు కలిపితే నలుగురు. రెండు కుర్చీలకి ఎనిమిది మంది. ఆయాలు, రిసెప్షను, వాచ్‌మన్ కలిసేసరికి పది దాటుతారు. పది దగ్గర ఈఎస్‌ఐ, ఇరవై దగ్గర పీఎఫ్ వస్తాయి. ఈఎస్‌ఐలో యజమాని వాటా 3.25 శాతం, పీఎఫ్‌లో 12. ముందు కట్టకుండా తర్వాత ఇన్‌స్పెక్షన్‌లో పట్టుబడితే వడ్డీ, జరిమానా కలిపి వస్తాయి. బయోమెడికల్ వ్యర్థాల అనుమతి, ఫైర్ ఎన్‌ఓసీ, డీఎంహెచ్‌ఓ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండనే ఉన్నాయి. ఇంటి ప్లానుతో కట్టి తర్వాత ఆసుపత్రి బోర్డు పెట్టేవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు. మెట్ల వెడల్పు చాలదు, ఫైరింజను తిరగడానికి చుట్టూ ఖాళీ ఉండదు. గోడలు కొట్టి చెయ్యగలిగిన సవరణ కాదది.

అందులోనే మందుల షాపు పెడతారు. మంచిదే. ప్రభుత్వం ధర నిర్ణయించే షెడ్యూలు మందుల్లో షాపు మార్జిన్ 16 శాతం, మిగతావాటిలో మామూలుగా 20. గడువు దాటినవీ, అరువూ పోనూ అందులో సగం మిగిలితే గొప్ప. ఇన్‌పేషెంట్‌కి వాడిన మందు వైద్యసేవలో భాగం, జీఎస్టీ లేదు. ఓపీ రోగి కొన్న మందుకి ఉంది. ఆసుపత్రి, షాపు ఒకే పాన్ మీద ఉంటే ఆసుపత్రి వసూళ్ళు కూడా కలిపి జీఎస్టీ పరిమితి చూస్తారు, అది తెలియక రిజిస్ట్రేషన్ చేయించుకోనివాళ్ళున్నారు. ఒక రోగి దగ్గర ఒకే వైద్యానికి నగదు 2 లక్షలు లేదా ఆ పైన తీసుకోకూడదు. తీసుకున్నంతా జరిమానాగా పోతుంది. డిశ్చార్జి బిల్లు రెండు రసీదులుగా చీల్చితే సరిపోతుందనుకునే గుమాస్తా మీ దగ్గర ఉంటే ముందు అతన్ని కూర్చోబెట్టి చెప్పండి.

ప్రభుత్వ పథకం లెక్క వేరే చెయ్యాలి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదటి విడత మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. మంచాలు నిండుతాయి, అది నిజం. డబ్బు ఎప్పుడొస్తుందన్నది వేరే సంగతి. బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపుతామని ప్రకటించడం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. నెలకు 8 లక్షల క్లెయిములు, ఆరు నెలల ఆలస్యం అంటే 48 లక్షలు ఎప్పుడూ బయటే ఉంటాయి. ఆ డబ్బు ఓవర్‌డ్రాఫ్టులో తెస్తే 11 శాతానికి నెలకు 44 వేలు వడ్డీ. ప్యాకేజీలో లాభం చూసేటప్పుడు ఈ 44 వేలు తీసెయ్యండి. వ్యక్తిగతంగా ప్రాక్టీసు చేసే డాక్టరు నగదు పద్ధతిలో లెక్కలు రాసుకోవచ్చు, డబ్బు వచ్చిన ఏడాదే పన్ను. కంపెనీ పెడితే ఆ వీలు లేదు, రాని డబ్బు మీద కూడా ముందే పన్ను కట్టాలి. కంపెనీ పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానంలో డయాలిసిస్ పెడదామని అడిగేవాళ్ళూ ఉన్నారు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు అవసరం ఎంతో మీకే బాగా తెలుసు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ప్రభుత్వ ఆసుపత్రి కూడా వచ్చింది. అవసరం ఉండటం వేరు, చెల్లించగల స్తోమత వేరు. అక్కడ రోగి జేబులోంచి ఖర్చు రాదు, పథకమే ఇవ్వాలి. మెషిన్ ఖరీదు చూసి లెక్క వేస్తారు గానీ నీళ్ళు మర్చిపోతారు. నిమిషానికి 500 మిల్లీలీటర్లు, నాలుగు గంటలకి 120 లీటర్ల శుద్ధ జలం ఒక్క మనిషికి. ఆర్‌ఓలో వదిలేసే నీళ్ళు కలిపితే దాదాపు రెట్టింపు కావాలి. బోరు, ఆర్‌ఓ ప్లాంటు, జనరేటరు ముందు. మెషిన్ తర్వాత.

జనరేటరు అన్నాను కాబట్టి ఇంకో మాట. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. రోజుల తరబడి కరెంటు లేదు. బిల్డింగుకి బీమా ఉంటే చాలదు, పాలసీలో తుపాను, వరద ముంపు ఉన్నాయా చూడండి. మెషిన్లకి ఎలక్ట్రానిక్ పరికరాల బీమా వేరే. పాత ధరకి బీమా చేస్తే వచ్చేదీ ఆ దామాషాలోనే.

నలుగురు స్నేహితులు కలిసి పెట్టేటప్పుడు కాగితం మీద మూడు రాయండి: ఒకరు వెళ్ళిపోతే వాటా విలువ ఎలా కడతారు, ఎన్ని వాయిదాల్లో ఇస్తారు, వెళ్ళినవాడు ఆ ఊళ్ళోనే ప్రాక్టీసు పెట్టొచ్చా. భవనం ఒకరిదై, మెషిన్లు అందరివీ అయితే అద్దె పత్రం రిజిస్టరు చెయ్యండి. అత్తారింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలంలో కట్టేవాళ్ళు ముందు గిఫ్టు దస్తావేజు రిజిస్టరు చేయించుకోండి. స్టాంపు కాగితం మీద సంతకాలు చూసి ఏ బ్యాంకూ అప్పివ్వదు. స్థలాల సంగతి కూడా అంతే. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి డాక్టర్ల దగ్గరికి బ్రోషర్లు బాగా వస్తాయి. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే ముప్ఫై ఏళ్ళ ఈసీ, లింకు దస్తావేజులు, 22ఏ నిషేధిత జాబితా, లేఅవుట్ అనుమతి నంబరు, ఈ నాలుగూ చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. డీ-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి, కొంటే 1977 చట్టం కింద పోయే ప్రమాదం ఉంది. సీతంపేట, కురుపాం ఏజెన్సీలో గిరిజనేతరులు కొనడమే కుదరదు, గిరిజన భూముల్ని కాపాడే 1/70 చట్టం ఉంది.

(మరో ప్రశ్న, ఒక డాక్టరమ్మ: "మేం ఇప్పటికే స్థలం కొని పునాదులు కూడా వేసేశామండి. మీరు చెప్పిన వరస మాకు తప్పిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి?")

పునాదుల దగ్గరే ఉన్నారు కదమ్మా, చెయ్యిదాటలేదు. ప్లాను ఆసుపత్రిగా మంజూరైందా, ఇల్లుగానా? ఇల్లుగా అయితే శ్లాబు పడకముందే సవరించిన ప్లాను పెట్టండి. పునాదులు మూడంతస్తులకి వెయ్యండి, కట్టడం కింది అంతస్తు మాత్రమే. అప్పు మొత్తం మంజూరు చేయించుకున్నా, వాడుకునేది కింది అంతస్తుకే. వాడనిదానికి వడ్డీ పడదు, కమిట్‌మెంట్ చార్జీ ఉందేమో మాత్రం మంజూరు పత్రంలో చూసుకోండి. అసలు వాయిదా మొదలయ్యేది ఆసుపత్రి తెరిచిన ఆరు నెలల తర్వాత అని ఇప్పుడే రాయించండి, సంతకాలయ్యాక వినరు. కొత్త మెషిన్లు ఒక ఏడాది వద్దు, మీ పాత క్లినిక్‌లోవే తెచ్చుకోండి. స్కాన్ మెషిన్ చిరునామా మారితే పీసీపీఎన్‌డీటీ అధికారులకి ముందే రాయాలి, అది మర్చిపోకండి. రోడ్డు వైపు గది ఒకటి ల్యాబ్‌వాళ్ళకి అద్దెకిస్తే కరెంటు బిల్లు దాంట్లో వెళ్తుంది. మంజూరు పత్రం, ప్లాను కాపీ, మూడేళ్ళ రిటర్నులు పట్టుకురండి, కూర్చుని నెలవారీ లెక్క వేసి చూద్దాం.